‘పడింది’ అనే మాట గురించి: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవి బాబుకి,

ఆశీస్సులు. నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. జవాబు ఆలస్యమైందని ఏమీ అనుకోకు. వేట గురించి నీకు ఏదైనా చెప్పాలంటే ముందు మా నాన్న గురించి నాకు నేను చెప్పుకోవలసి వచ్చింది. ఇన్ని రోజులు అందుకే పట్టింది.

నీ కథలో అడవి చాలా బాగుంది. ఎండుటాకుల మీద చెప్పులు విడిచి నడవడం, గాలి ఎటు వీస్తోందో తెలుసుకోవడానికి పిడికెడు దుమ్ము జారవిడవడం, ఇవి చూసినవాళ్లే రాయగలరు. మీ తాతగారి వెంట తిరిగిన గుర్తులు అయ్యుంటాయి. కానీ తుపాకి పేలిన తర్వాత కథ నీ చేతిలోంచి జారిపోయింది. దుప్పి పడిపోతుంది. అది చూడిదని తెలుస్తుంది. వేటగాడు పక్కనే కూలబడి ఏడుస్తాడు, తుపాకిని బండకేసి కొడతాడు, ఇక ఈ పాపం చెయ్యనని ఒట్టు పెట్టుకుంటాడు.

నిష్ఠూరంగా ఉన్నా చెప్తాను. ఆ దుప్పిని చూడిది చేసింది నువ్వే. మామూలు దుప్పి చచ్చిపోతే చదివేవాళ్లకు బాధ చాలదేమోనని నీకు టెన్షన్ పట్టుకుంది. అందుకని దాని కడుపులో పిల్లను పెట్టావు. ఆ పిల్లను తీసెయ్. కడుపుతో లేని, జబ్బు లేని, ఏ ప్రత్యేకతా లేని ఒక దుప్పిని ఆ మనిషి ముందు పడుకోబెట్టు. అప్పుడు అతనికి ఏమవుతుందో ఓపిగ్గా చూడు. కథ అక్కడ మొదలవుతుంది.

మాది మార్కాపురం వైపు మెట్ట ఊరు. మా నాన్నకు తుపాకి లేదు. ఆయనది కౌజు పిట్టల వేట. దానికోసం ఒక దీమం పిట్టను పెంచేవాడు. దీమం అంటే నీ వయసువాళ్లకు తెలియకపోవచ్చు. బయటి పిట్టలను పిలవడానికి మచ్చిక చేసి పెంచుకునే పిట్ట అది. వెదురు బుట్టలో ఉండేది, పైన అమ్మ పాత చీర ముక్క కప్పేవాళ్లం. ఇంకా చీకటి ఉండగానే నాన్న ఆ బుట్ట తగిలించుకుని చేల గట్ల వెంట పోయేవాడు. తుమ్మచెట్ల మధ్య బుట్ట దించి, చుట్టూ ఉరులు పన్ని, గుడ్డ తీసేసి, దూరంగా పొద చాటున కూర్చునేవాడు. వెలుగు రాగానే దీమం గొంతెత్తి కూసేది. ఆ చుట్టుపక్కల తిరిగే మగ పిట్టకు ఆ కూత సవాలు. నా చోటికొచ్చి కూసేదెవరని కోపంగా పరిగెత్తుకొచ్చేది. కాలు ఉరిలో పడేది.

ఆ దీమం పిట్టను నాన్న ఎలా చూసుకునేవాడో నీకు చెప్పాలి. సాయంత్రం పొలం నుంచి వస్తూ పుట్ట తవ్వి చెదలు తెచ్చేవాడు. అరచేతిలో పోసుకుని, అది ఒక్కొక్కటే ఏరుకు తింటుంటే కదలకుండా కూర్చునేవాడు. ఎండాకాలం బుట్ట మీద తడిగుడ్డ వేసేవాడు, ఆరిపోతే మళ్లీ తడిపేవాడు. తమ్ముడికి జ్వరం వచ్చినప్పుడు కూడా రాత్రిళ్లు అన్నిసార్లు లేవలేదని అమ్మ అనేది. చెదలు తినిపించిన ఆ కుడి చేత్తోనే, దాని కూతకు వచ్చిన పిట్టల మెడలు తిప్పేవాడు. బొటనవేలి పక్కన పాత కొడవలి గాటు ఉండేది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు పట్టుబట్టి ఒకసారి వెంట వెళ్లాను. మంచులో పొద చాటున కూర్చున్నాం. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకొమ్మన్నాడు. నాకు కొంగెక్కడిది, పావడా అంచు కుక్కుకున్నాను. పిట్ట ఉరిలో పడగానే నాన్న లేచి పరిగెత్తాడు. అప్పుడు ఆయన ముఖం చూశాను. పంట ఇంటికొచ్చిన రోజు కూడా ఆ ముఖంలో అంత సంతోషం చూడలేదు. చిన్నపిల్లాడిలా ఉన్నాడు. పిట్టను తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టాడు. ఈకల కింద వెచ్చగా ఉంది. దాని గుండె నా వేళ్లకు కొట్టుకుంటోంది. “చూడు, ఎంత బలంగా ఉందో!” అన్నాడు. తన సొంత పిట్ట గురించి చెప్తున్నంత గర్వంగా అన్నాడు. తర్వాత నా చేతుల్లోంచి తీసుకుని అటు తిరిగాడు. నాకు వీపు ఒక్కటే కనిపించింది. మళ్లీ ఇటు తిరిగేసరికి అయిపోయింది. “పడింది. పద పోదాం” అన్నాడు. దారంతా ఏదో పదం కూనిరాగం తీస్తూనే నడిచాడు.

ఆ వీపు గురించి రాయాలని నలభై ఏళ్లుగా చూస్తున్నాను. ఇంకా చేతకాలేదు. సంతోషం నిజం, అటు తిరగడమూ నిజం. ఒకటి వచ్చి రెండోదాన్ని చెరిపెయ్యలేదు. రెండూ ఒకే మనిషిలో, ఒకే నిమిషంలో ఉన్నాయి. నీ వేటగాడిలో సంతోషాన్ని నువ్వు దాచేశావు. గురి చూసేటప్పుడు అతని ఒంట్లో లేచిన ఉత్సాహం గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. అది రాస్తే అతను చెడ్డవాడిలా కనిపిస్తాడని భయపడ్డావు. ఆ ఉత్సాహం తెలియకపోతే అతని దుఃఖం ఎవరు నమ్ముతారు?

ఇంటికొచ్చాక ఈకలు పీకడం నాదీ అమ్మదీ. నాన్న ఆ చుట్టుపక్కల ఉండేవాడు కాదు. తొట్టి దగ్గర బూడిదతో చాలాసేపు చేతులు కడుక్కునేవాడు. కానీ అన్నం దగ్గర మాత్రం ఇష్టంగా తినేవాడు, ఇంకొంచెం పులుసు వెయ్యమని అడిగేవాడు. ఇది నీ కథలో తప్పకుండా ఉండాలి. వేటగాడి ఇంట్లో ఆ రాత్రి కూర వండుతారు. నువ్వు దుప్పిని అడవిలోనే వదిలేసి వచ్చావు. ఊళ్లో ఎవరూ అలా వదిలిరారు. దాన్ని మోసుకొస్తారు, పోగులు వేస్తారు, ఎవరి పోగులో కాలేయం పడిందని పోట్లాడుకుంటారు కూడా. ఆ పోట్లాట మధ్యలో కాల్చినవాడు ఒక్కడే ఎందుకు మాట్లాడకుండా ఉన్నాడో, అది చూపించు.

ఇక మాటల సంగతి. మా నాన్న ఎన్నడూ ‘చంపాను’ అనలేదు. ‘పడింది’ అనేవాడు. ‘ఈ పూట రెండు పడ్డాయి’. చేపలు పట్టేవాళ్లదీ ఇదే మాట. పిట్ట తనంతట తానే పడినట్టు, అందులో మన చెయ్యేమీ లేనట్టు. చిన్నప్పుడు ఇది గమనించలేదు. తర్వాతెప్పుడో, ఆయన పోయాక, ఒక కథ రాస్తూ ‘నాన్న పిట్టను చంపాడు’ అని రాసి ఆగిపోయాను. అది మా ఇంట్లో వినబడని వాక్యం. నీ కథలో వేటగాడు ‘నేను ఒక ప్రాణం తీశాను’ అంటాడు. అది మనం ఉపన్యాసాల్లో వినే మాట. మీ తాతగారు ఏమంటారో విను.

అలాగే ‘ఉసురు’. మన భాషలో ఉసురంటే ప్రాణం. ఆ ప్రాణం నొచ్చుకుని పెట్టే శాపం కూడా ఉసురే. నోరులేని జీవాల ఉసురు తగులుతుందని మా అమ్మ పిట్టల కూర ముట్టుకునేది కాదు. వండేది, వడ్డించేది, ఉప్పు సరిపోయిందో లేదో నాన్నను అడిగేది. మా పెదనాన్న కొడుక్కు చెయ్యి విరిగినప్పుడు మాత్రం ఆ వేటల వల్లనే అని గొణిగింది. కోస్తాలో చాలాచోట్ల సంతలో కొన్న మేక మాంసాన్నీ ‘వేట మాంసం’ అనే అంటారు, తెలంగాణలో మేకపోతును ‘యాట’ అంటారు. అడవికి వెళ్లకపోయినా వేట మన వంటింట్లోనే ఉంది. నీ పాత్ర అందరికీ దూరంగా ఉన్న ఒక క్రూరుడు కాదని నీకు తెలియడం కోసం ఇది చెప్తున్నాను.

ఒకసారి మా దీమం పిట్టను పిల్లి పట్టుకుపోయింది. బుట్ట తలుపు సరిగ్గా వెయ్యలేదు. వెయ్యనిది నేనే. నాన్న నన్నేమీ అనలేదు. దొరికిన నాలుగు ఈకలను వేపచెట్టు కింద పాతిపెట్టి వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు అన్నం తినలేదు. అంతకు వారం ముందే అలాంటి పిట్టల్ని నాలుగింటిని కూర చేసుకుని తిన్నాం. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నెల తిరిగేసరికి నాన్న చేలో నుంచి ఒక కూనను తెచ్చి, దానికి నూకలు తినడం నేర్పుతున్నాడు.

నీ కథ చివర ఉన్న ఒట్టు దగ్గరికి వస్తాను. మీ ఊరికి ఎంత దూరమో కానీ, కర్నూలు జిల్లా ఎర్రగుడికి ఒకసారి వెళ్లిరా. అక్కడ బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మొదటి శాసనంలో తన వంటశాల సంగతి చెప్తాడు. ఒకప్పుడు కూర కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవాళ్లమని, ఇప్పుడు మూడింటినే చంపుతున్నామని, రెండు నెమళ్లు, ఒక జింక, ఆ జింకను కూడా ప్రతిరోజూ కాదని, ముందు ముందు ఈ మూడింటినీ చంపబోమని. ‘ఆ జింకను కూడా ప్రతిరోజూ కాదు’ అన్నచోట నాకు ఆ మనిషి బాగా దగ్గరగా అనిపించాడు. అంత పెద్ద చక్రవర్తి కూడా ఒక్కరోజులో మానలేకపోయాడు, మానలేకపోయానని రాయి మీద చెక్కించాడు. నీ వేటగాడికి కూడా అలాంటి ‘ప్రతిరోజూ కాదు’ ఒకటి ఇవ్వు. చెరువుకు నీళ్లకొచ్చిన దాని మీద గురిపెట్టడట, పిల్లలతో తిరిగే పందిని వదిలేస్తాడట. అవి ఎవరూ రాసిపెట్టని నియమాలు. వాటిలో ఏదైనా ఒకదాన్ని అతను తప్పిన రోజు గురించి రాయి.

అంత తొందరగా ఏడిపించకు కూడా. అమెరికాలో ఆల్డో లియోపోల్డ్ అని అడవుల శాఖలో పనిచేసినాయన ఉండేవాడు. 1909లో, కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, అరిజోనా కొండల్లో తోడేళ్ల గుంపు మీద తోటివాళ్లతో కలిసి కాల్పులు జరిపాడు. తోడేళ్లు తగ్గితే జింకలు పెరుగుతాయని అప్పటి నమ్మకం. దగ్గరికి వెళ్లేసరికి ఒక ముసలి తోడేలు ఇంకా బతికి ఉంది. దాని కళ్లలో పచ్చటి నిప్పు ఆరిపోవడం చూశాడు. ఆ సంగతి రాసింది 1944లో. ముప్పై అయిదేళ్లు! అది రాశాక కూడా ఆయన వేట మానలేదు. అందుకే ఆ తోడేలు కళ్ల గురించి ఆయన చెప్పినదాన్ని నేను ఇంకా ఎక్కువ నమ్ముతాను. నీ దుప్పి కూడా ఆ రోజే అతన్ని ఏడిపించనక్కర్లేదు. ఇరవై ఏళ్ల తర్వాత మనవరాలి పెళ్లి భోజనాల్లో గుర్తుకు రావచ్చు.

ఇంకొకటి ఉంది, మన కడప జిల్లాదే. కలివికోడి అనే పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల కొండల కింద ఒక ఊరి వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వేసి దాన్ని ప్రాణంతో పట్టుకుని పక్షి శాస్త్రవేత్తలకు అందించాడు. పెద్ద పెద్ద చదువులవాళ్లు వెతికినా దొరకని పిట్ట ఏ పొదల్లో మసులుతుందో అతనికి తెలుసు. తినడానికో అమ్మడానికో పట్టే అలవాటే ఆ జ్ఞానం ఇచ్చింది. ఆ పిట్ట మాత్రం బతకలేదు. దాని పేరు చెప్పి తర్వాత లంకమల అడవికి రక్షణ వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. ఈ సంఘటనలో ఎవరిని మెచ్చుకోవాలో, ఎవరిని తప్పుపట్టాలో తేల్చుకోవాలని కూర్చుంటే కథ రాదు. ఆ రాత్రి లైటు వెలుగులో నిలబడిపోయిన పిట్ట మీదికి చెయ్యి చాచిన మనిషిని తలుచుకో. ఆ జంతువును అంత బాగా తెలిసినవాడు ఆ ఊళ్లో ఇంకెవరూ లేరు.

క్రౌంచపక్షుల కథ నువ్వు చిన్నప్పుడే విని ఉంటావు. పిట్ట దుఃఖం మనకు తెలుసు, ముని దుఃఖం శ్లోకమైందని తెలుసు. ఆ బోయవాడికి శాపం ఒక్కటే దక్కింది. అతను ఏ మాటా అనకుండానే కథలోంచి వెళ్లిపోతాడు. నీలాంటి కుర్రవాడు రాయవలసింది ఆ వెళ్లిపోయిన మనిషి గురించేనని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

వేటను నేను సమర్థిస్తున్నానని అనుకోకు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. ఆ చట్టం ఉండాలి, ఇంకా గట్టిగా అమలు కావాలి. నీ కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో కూడా నువ్వు తేల్చుకోవాలి. చట్టం వచ్చాక జరిగితే అతని మనసులో భయం కూడా కలుస్తుంది. మసాలా వాసన వీధిలోకి పోకుండా తలుపులు మూసుకుని వండుతారు. పిల్లలకు బడిలో చెప్పొద్దని నేర్పుతారు. ఒకప్పుడు వీధి మొదట్లోనే కేకేసి ఇంటికొచ్చిన మనిషి ఇప్పుడు దొడ్డిదారిన వస్తాడు. ఆ సిగ్గు జంతువు కోసమా, పోలీసు కోసమా? అతనికే తెలియకపోవచ్చు.

ఈ రోజుల కథే రాయాలనుకుంటే పొలాల చుట్టూ పెట్టే కరెంటు తీగ ఉంది. అడవిపందుల బాధ పడలేక పెడుతున్నారు. వేరుశనగ చేను ఒక్క రాత్రిలో దున్నేసినట్టు అయిపోతే ఆ రైతు కడుపుమంట ఎంతటిదో నేను చూశాను, దాన్ని తక్కువ చెయ్యను. కానీ ఆ తీగకు పందే తగలాలని లేదు. నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్క చేను మనుషులు కూడా చనిపోతున్నారు. మా నాన్న అటు తిరగడానికైనా పిట్ట ఆయన చేతిలో ఉండాలి. తీగ పెట్టినవాడు ఇంట్లో నిద్రపోతుంటాడు. పొద్దున వెళ్లి ఏం పడిందో చూస్తాడు. ఇక్కడ కూడా ‘పడింది’ అనే అంటారు. అదే మాట, కానీ నాకు వినడానికి భయంగా ఉంటుంది.

దసరాకు ఊరెళ్తానని రాశావు. తాతగారి పక్కన కూర్చో. బాధ అనిపించేదా అని మాత్రం అడగకు. అలా అడిగితే నీకు నచ్చే జవాబే చెప్తారు. చివరిసారి వేటకు వెళ్లినరోజు ఏ దారిన తిరిగొచ్చారో, బరువు ఎవరు మోశారో, ఇంటికొచ్చి ముందు ఏం కడుక్కున్నారో అడుగు. చెప్తున్నంతసేపూ ఆయన చేతుల వైపు చూడు. ఏమన్నారో ఆయన మాటల్లోనే రాసి పంపు. అది కథ కాకపోయినా పరవాలేదు, నేను చదువుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ