ఎమ్మెల్యే ఎన్నికల చరిత్ర రాయడానికి ఆయన అనుమతి కావాలా?

సందేహం: నేను తిరుపతిలో ఉంటున్న విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుణ్ణి. ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి పలుమార్లు శాసనసభకు ఎన్నికైన ఒక నాయకుని రాజకీయ జీవితం మీద ఎనభై పేజీల చిన్న పుస్తకం రాశాను. ఆయన పోటీ చేసిన ఎన్నికలు, వచ్చిన ఓట్లు, మారిన పార్టీలు, నామినేషన్‌తో ఇచ్చిన అఫిడవిట్లలోని ఆస్తులు, కేసులు అందులో ఉన్నాయి. అచ్చుకు ఇచ్చిన ప్రతి ఆయన అనుచరుల చేతికి చేరింది. అనుమతి లేకుండా రాయడం నేరమని, పోలీసు కేసు పెట్టించి పరువు నష్టం దావా కూడా వేస్తామని వారు ఇంటికి వచ్చి చెప్పి వెళ్లారు. ముఖ్యంగా నాలుగు మాటలపై వారికి అభ్యంతరం ఉంది. అవి ‘ఒక్కసారే ఓడిన నేత’, ‘పార్టీ ఫిరాయించారు’, ‘ఐదేళ్లలో ఆస్తులు మూడింతలు కూడబెట్టారు’, ‘తప్పుడు అఫిడవిట్ ఇచ్చారు’ అన్నవి. నేను పుస్తకం ఆపాలా?

సమాధానం: మాస్టారు గారికి నమస్కారం. మీరు పుస్తకం ఆపనక్కరలేదు. అయితే ఆ నాలుగు మాటల్లో మూడింటిని తిరగరాయాలి, మిగిలిన ఒకదాన్ని రికార్డుతో సరిచూసుకోవాలి. ఎన్నికల రికార్డు ప్రజలది, దాన్ని రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కానీ ఆ రికార్డులో కనిపించే ‘అనర్హత’, ‘అభియోగం’, ‘ఫిరాయింపు’ వంటి పదాలకు చట్టం ఇచ్చిన అర్థాలున్నాయి. వాడుక భాషలో ఒకదాని బదులు మరొకటి వేస్తే, నిజం రాసిన మనిషి కూడా కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది.

మొదట అనుమతి సంగతి. 1994లో సుప్రీంకోర్టు ఆర్. రాజగోపాల్ కేసులో, మన పొరుగున ఉన్న మద్రాసులో మరణశిక్ష పడిన ఆటో శంకర్ జీవితకథను ఒక తమిళ పత్రిక ప్రచురించడంపై వచ్చిన వివాదాన్ని విచారించి, కోర్టు రికార్డులతో సహా బహిరంగ రికార్డులలో ఉన్న విషయాలను ఆ వ్యక్తి అనుమతి లేకుండానే ప్రచురించవచ్చని తేల్చింది. అధికార పదవుల్లో ఉన్నవారు తమ విధులకు సంబంధించిన రాతలపై నష్టపరిహారం అడగాలంటే, ఆ రాత అబద్ధమనీ, నిజానిజాలను లెక్కచేయకుండా రాశారనీ వారే చూపించాలని కూడా అదే తీర్పు చెప్పింది. రాసినవారు సహేతుకమైన పరిశీలన తరువాతే రాశామని చూపగలిగితే చాలునంది. ఈ ‘సహేతుకమైన పరిశీలన’ అన్న మాటను గుర్తుంచుకోండి. మీ రక్షణ అంతా దానిమీదే నిలబడుతుంది.

పోలీసు కేసు అన్న బెదిరింపుకు చట్టంలో బలం లేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టం 356వ సెక్షన్ కిందికి వస్తుంది. గరిష్ఠ శిక్ష రెండేళ్ల సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజసేవ. ఇది బెయిలు ఇవ్వదగిన నేరం. పోలీసులు సొంతంగా ఎఫ్ఐఆర్ కట్టి దర్యాప్తు చేయగల నేరం కాదు. పరువు పోయిందనుకున్న వ్యక్తే మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి, అనుచరులు వేస్తే చెల్లదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 223వ సెక్షన్ ప్రకారం, మేజిస్ట్రేటు ఆ ఫిర్యాదును విచారణకు స్వీకరించే ముందు మీ మాట వినడానికి అవకాశం ఇవ్వాలి. ప్రజాహితం కోసం చెప్పిన నిజం నేరం కాదన్నది 356వ సెక్షన్‌లోని మొదటి మినహాయింపు. ప్రజాసేవకుల విధి నిర్వహణపైనా, ప్రజా ప్రయోజనం ఉన్న విషయంలో ఎవరి నడవడికపైనైనా చిత్తశుద్ధితో చెప్పిన అభిప్రాయాలకు కూడా మినహాయింపులున్నాయి. సివిల్ దావా వేయాలంటే ప్రచురణ జరిగిన ఏడాదిలోపే వేయాలి, అందులో నిజం పూర్తి రక్షణ.

ఇక మీ నాలుగు మాటలు. ‘ఒక్కసారే ఓడిన నేత’ అన్నది పరువు తీసే మాట కాదు, కానీ రికార్డుకు సరిపోవాలి. మన జిల్లా చరిత్రలోనే దీనికి ఉదాహరణ ఉంది. నారా చంద్రబాబు నాయుడు కుప్పంలో 1989 నుంచి 2024 వరకు వరుసగా ఎనిమిదిసార్లు గెలిచారు. కుప్పంలో ఓటమి లేదంటే అది అక్షరాలా నిజం. ఆయన అసలు ఓడలేదంటే మాత్రం తప్పు, ఎందుకంటే 1978లో చంద్రగిరిలో గెలిచిన ఆయన 1983లో అదే చంద్రగిరిలో ఓడారు. నియోజకవర్గం పేరు చేర్చిన వాక్యం నిలుస్తుంది, చేర్చని వాక్యం నిలవదు. మీ నాయకుని విషయంలోనూ ప్రతి గెలుపు, ఓటమి పక్కన సంవత్సరం, నియోజకవర్గం, అది సాధారణ ఎన్నికా ఉప ఎన్నికా అన్నది రాయండి.

ఉప ఎన్నికలను నేను ప్రత్యేకంగా చెబుతున్నదెందుకంటే, ‘ఎన్నిసార్లు ఎమ్మెల్యే’ అన్న లెక్క ఎక్కువగా అక్కడే తప్పుతుంది. తిరుపతి నియోజకవర్గమే చూడండి. 1983లో ఎన్.టి. రామారావు తిరుపతి, గుడివాడ రెండింటిలోనూ గెలిచి గుడివాడ ఉంచుకోవడంతో, తిరుపతిలో అదే ఏడాది మళ్లీ ఎన్నిక జరిగింది. రెండుచోట్ల గెలిచినవారు గడువులోగా ఒకటి వదులుకోకపోతే అన్నీ ఖాళీ అవుతాయని ప్రజాప్రాతినిధ్య చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. ఆ రోజుల్లో ఎన్నిచోట్లయినా పోటీ చేయవచ్చు, 1985లో ఆయన హిందూపురం, గుడివాడ, నల్గొండ మూడింటిలోనూ గెలిచారు. రెండుకు మించి పోటీ చేయరాదన్న పరిమితి 1996 సవరణతో వచ్చింది. 2009లో తిరుపతి నుంచి గెలిచిన చిరంజీవి 2012లో రాజ్యసభకు ఎన్నికయ్యారు. పార్లమెంటులోనూ శాసనసభలోనూ ఒకేసారి సభ్యుడిగా ఉండడాన్ని రాజ్యాంగం 101వ అధికరణ అనుమతించదు కనుక ఇక్కడ ఉప ఎన్నిక వచ్చి, భూమన కరుణాకరరెడ్డి గెలిచారు. 2014లో గెలిచిన ఎం. వెంకటరమణ మరణించడంతో 2015లో మళ్లీ ఉప ఎన్నిక జరిగి ఆయన భార్య సుగుణ ఎన్నికయ్యారు. 2012 ఉప ఎన్నికలో గెలిచిన సభ్యుని పదవీకాలం రెండేళ్లే. ‘రెండుసార్లు ఎమ్మెల్యే’, ‘పదేళ్లు ఎమ్మెల్యే’ అన్నవి ఒకటి కావని దీనివల్ల తెలుస్తుంది.

నియోజకవర్గం మారిందని రాసేటప్పుడు కూడా కారణం చూడాలి. నియోజకవర్గాల పునర్విభజన తరువాత, 2009 ఎన్నికల నుంచి వాయల్పాడు, పుత్తూరు, వేపంజేరి నియోజకవర్గాలు లేవు. గంగాధర నెల్లూరు, పూతలపట్టు కొత్తగా వచ్చాయి. వాయల్పాడు నుంచి మూడుసార్లు గెలిచిన నల్లారి కిరణ్‌కుమార్‌రెడ్డి 2009లో పీలేరు నుంచి ఎన్నికయ్యారంటే, ఆయన పాత నియోజకవర్గం పటంలోనే లేకపోవడం అందుకు కారణం. దాన్ని ‘సొంత నియోజకవర్గం వదిలి వెళ్లారు’ అని రాస్తే చదివేవారికి తప్పు అర్థం వెళుతుంది.

‘పార్టీ ఫిరాయించారు’ అన్న మాటను వెంటనే తీసేయండి. ఒక పార్టీ తరఫున ఒక ఎన్నికలో, మరో పార్టీ తరఫున తరువాతి ఎన్నికలో పోటీ చేయడం రాజ్యాంగం పదో షెడ్యూలు చెప్పే ఫిరాయింపు కాదు. ఆ షెడ్యూలు 1985లో 52వ సవరణతో వచ్చింది. ఎన్నికైన సభ్యుడు తన పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకుంటే, లేదా సభలో ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చిన ఆదేశానికి (విప్‌కు) వ్యతిరేకంగా ఓటు వేస్తే అనర్హత కలుగుతుంది. అనర్హుడా కాదా అన్నది తేల్చేది స్పీకరు. ఆ నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించవచ్చని 1992లో కిహోటో హొల్లోహన్ తీర్పు చెప్పింది. స్పీకరు ఉత్తర్వు లేకుండా మీరు ‘ఫిరాయించారు’ అంటే, అధికారం లేని తీర్పు మీరు ఇచ్చినట్లవుతుంది. ‘ఫలానా సంవత్సరం ఫలానా పార్టీ అభ్యర్థిగా, తరువాతి ఎన్నికలో ఫలానా పార్టీ అభ్యర్థిగా పోటీ చేశారు’ అని రాయండి. ఆరణి శ్రీనివాసులు 2019లో చిత్తూరు నుంచి వైసీపీ తరఫున, 2024లో తిరుపతి నుంచి జనసేన తరఫున గెలిచారన్న వాక్యంలో ఎవరూ తప్పు పట్టలేరు, చదువరికి తెలియవలసినదంతా అందులోనే ఉంది. అదేవిధంగా రాజీనామా చేశారు, అనర్హత వేటు పడింది, ఎన్నిక రద్దయింది అన్నవి మూడు వేర్వేరు సంగతులు. మొదటిది ఆయన చేసినది, రెండవది చట్టం లేదా స్పీకరు ద్వారా కలిగినది, మూడవది ఎన్నికల పిటిషన్‌పై హైకోర్టు ఇచ్చినది.

ఆస్తుల విషయం ఇంతకంటే సున్నితమైనది. అభ్యర్థుల ఆస్తులు, కేసులు, చదువు తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని సుప్రీంకోర్టు 2002లో ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం కేసులో చెప్పడంతోనే ఈ అఫిడవిట్లు మనకు దక్కాయి. ఇప్పుడవి ఫారం 26లో ఉంటాయి, ఎన్నికల సంఘం వెబ్‌సైటులోనూ దొరుకుతాయి. కాబట్టి అంకెలు ముద్రించే హక్కు మీకు నిస్సందేహంగా ఉంది. కానీ స్థిరాస్తులకు కొన్నప్పటి ధర, ఇప్పటి మార్కెట్ విలువ రెండూ ఆ ఫారంలో ఉంటాయి. తిరుపతి చుట్టుపక్కల భూముల ధరలు ఎలా పెరిగాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒక్క సెంటు కూడా కొనకపోయినా ఐదేళ్లలో విలువ మూడింతలు కావచ్చు. పైగా జీవిత భాగస్వామి, ఆధారపడిన పిల్లల ఆస్తులు వేరే గడుల్లో ఉంటాయి. ‘కూడబెట్టారు’ అన్న మాటలో సంపాదించారన్న ఆరోపణ ఉంది. ‘ఆయన ప్రకటించిన ఆస్తుల విలువ ఫలానా ఏడాది ఇంత, ఫలానా ఏడాది ఇంత’ అనండి. పాన్ సంఖ్య, ఫోను, ఇంటి చిరునామా, పిల్లల వివరాలు అఫిడవిట్లో కనిపించినా పుస్తకంలోకి ఎక్కించకండి. ఎన్నికల చరిత్రకు వాటితో పనిలేదు.

చివరిది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది ‘తప్పుడు అఫిడవిట్’. మీ లేఖలోని కాగితాల ప్రకారం 2014 అఫిడవిట్లో ఉన్న ఒక కేసు 2019 అఫిడవిట్లో లేదు, అందుకే మీరు అలా రాశారు. మాస్టారూ, కేసు కనిపించకపోవడానికి కనీసం నాలుగు న్యాయమైన కారణాలుండవచ్చు. నిర్దోషిగా తీర్పు రావచ్చు, హైకోర్టు కేసును కొట్టివేసి ఉండవచ్చు, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి ఉండవచ్చు, లేదా పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 321వ సెక్షన్ కింద ప్రభుత్వం కేసు ఉపసంహరించుకుని ఉండవచ్చు. ఎమ్మెల్యేలు, ఎంపీల మీది కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని సుప్రీంకోర్టు 2021 ఆగస్టులో ఆదేశించింది, కానీ ఇది అంతకుముందరి సంగతి. ఈ-కోర్టుల వెబ్‌సైటులో ఆ కేసు నంబరుతో వెతకండి, సంబంధిత కోర్టులో తీర్పు నకలుకు దరఖాస్తు చేయండి. అవి చేతికి వచ్చేదాకా ‘2014 అఫిడవిట్లో ఉన్న ఫలానా నంబరు కేసు 2019 అఫిడవిట్లో కనిపించదు’ అన్నంతవరకే రాయండి. ఎఫ్ఐఆర్ నమోదు, చార్జిషీటు, కోర్టు అభియోగాలు ఖరారు చేయడం, శిక్ష ఇవన్నీ వేర్వేరు మెట్లు. చాలా నేరాల్లో రెండేళ్లు లేదా అంతకు మించిన శిక్ష పడితేనే సభ్యత్వం పోతుంది. అప్పీలు వేసినంత మాత్రాన సభ్యత్వం నిలిచే వీలు కల్పించిన పాత రక్షణను 2013 జూలైలో లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. శిక్షకు ముందరి మెట్లలో ఉన్న మనిషిని ‘నేరస్థుడు’ అనే హక్కు మనకెవరికీ లేదు.

అఫిడవిట్ నిజంగా తప్పని మీకు రుజువు దొరికితే దానికి వేరే దారులున్నాయి. ఫలితం వెలువడిన 45 రోజుల్లోగా ఆ నియోజకవర్గపు ఓటరు ఎవరైనా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయవచ్చు. 2019 ఎన్నికకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడగల నేరం, దానిపై ఫిర్యాదు వేరే మార్గం. పుస్తకంలో తేల్చే విషయం కాదది.

ఓట్ల అంకెలకు పత్రికల కత్తిరింపులు మీకు చాలవు. పోలింగ్ కేంద్రాలవారీ లెక్క ఫారం 20లో ఉంటుంది. 2019లో తిరుపతిలో ఆధిక్యం 708 ఓట్లే. అంత దగ్గరి పోటీల్లో ఒక్క అంకె తారుమారైనా కథ మారిపోతుంది. డిపాజిట్ గల్లంతయిందని రాయాలంటే, చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి ఆ అభ్యర్థికి రాలేదని లెక్కకట్టి చూడండి, ఆ లెక్కలో నోటా ఓట్లు కలపరు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది కనుక, అంతకుముందరి కాగితాల కోసం తిరుపతి, చిత్తూరు కలెక్టరేట్లు రెండింటికీ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. కొత్త సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 75వ సెక్షన్ కింద ధ్రువీకృత నకళ్లు తీసుకుంటే, రేపు కోర్టులో మళ్లీ వెతుక్కోనక్కరలేదు.

పుస్తకం ఎన్నికల ప్రకటన వెలువడిన తరువాత బయటికి తెస్తే మాత్రం ఇబ్బంది. అభ్యర్థి గెలుపోటములను ప్రభావితం చేసే కరపత్రంగా దాన్ని పరిగణిస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్‌లోని ముద్రణ నియమాలు వర్తిస్తాయి. ఇప్పుడే వేయండి. ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు తప్పక వేయండి. ఈలోగా వారి లాయరు నోటీసు వస్తే కోపంగా జవాబు రాయకుండా, ప్రతి పేజీకి ఆధారమైన నకలు వరుసగా అమర్చిన దస్త్రంతో నా దగ్గరికి రండి, జవాబు మనం కలిసి రాద్దాం.