బిజినెస్ పార్కులో సంగీతం బడి: "జోనింగ్ ఒప్పుకోదు" అంటే ముందు ఏ కాగితమో అడగండి

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ: నెల్లూరులో ఒక ఆఫీసుల కాంప్లెక్సులో రెండో అంతస్తు అద్దెకు తీసుకుని వయొలిన్, మృదంగం, కీబోర్డు నేర్పుతున్నారు. "ఇది బిజినెస్ పార్కు, జోనింగ్ ప్రకారం ఇక్కడ బడి పెట్టకూడదు, నెలలో ఖాళీ చేయండి" అని ఓనర్ల అసోసియేషన్ నోటీసు ఇచ్చింది. పోవాలా, కోర్టుకెక్కాలా అని మీ ప్రశ్న.

మినీ బైపాస్ పక్కన ఇలాంటి బిల్డింగులోనే మా ఆవిడ, నేను క్లాసులు నడుపుతున్నాం. మాకూ ఇదే నోటీసు వచ్చింది. ఇంకా అక్కడే ఉన్నాం. నేను లాయర్ని కాదు, అనుభవంలో తెలిసింది చెప్తాను.

"జోనింగ్" అని వాళ్లు ఒక్క మాటలో తేల్చేసినా దాని వెనక మూడు వేరువేరు కాగితాలుంటాయి. ఊళ్లో ఏ ప్రాంతాన్ని దేనికి వాడాలో చెప్పే మాస్టర్ ప్లాన్‌లో మీ స్థలం ఏ జోన్‌లో ఉందనేది మొదటిది. దానికి నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) ఆఫీసులో సర్వే నంబరు ఇచ్చి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. మాది వాణిజ్య జోన్ అని వచ్చింది, అందులో అనుమతించిన వాడకాల పట్టికలో శిక్షణ సంస్థలూ ఉన్నాయి. అంటే మాస్టర్ ప్లాన్ పేరు చెప్పి మమ్మల్ని లేపడానికి లేదు. అయితే సంబరం అక్కడితో అయిపోలేదు.

అసలు చిక్కు రెండో కాగితంతో. బిల్డింగుకు ప్లాన్ మంజూరైనప్పుడు ఏ వాడకానికి ఇచ్చారు, కట్టడం పూర్తయ్యాక వాడుకోవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌లో ఏం రాశారు అనేది చూడండి. జాతీయ భవన నిర్మాణ కోడ్‌లో ఆఫీసులు ఒక వర్గం, విద్యాసంస్థలు ఇంకో వర్గం. మెట్ల వెడల్పు, బయటికి పోయే దారులు, ఫైర్ ఏర్పాట్లు ఆ వర్గాన్ని బట్టే మారతాయి. పిల్లలు గుమికూడే చోటికి మెట్లదారి ఒక్కటే ఉంటే అడిగేవాడు అడగడంలో తప్పేం లేదు. మా బిల్డింగుకు రెండు మెట్లదారులున్నాయి, ఒకదాన్ని జెరాక్స్ పేపరు అట్టపెట్టెలతో నింపేసి ఉన్నారు. అవి తీయించడానికి పట్టినంత కాలం నుడాలో సర్టిఫికెట్‌కు కూడా పట్టలేదు.

ప్లాన్ కాపీ ఓనరు ఇవ్వకపోతే కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగానికి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ట్రేడ్ లైసెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. ఫీజు కట్టించుకుని ఇచ్చే లైసెన్సు, బిల్డింగు వాడకానికి అనుమతి అయిపోదు.

మూడోది మీ అద్దె ఒప్పందం, అసోసియేషన్ బైలాలు, అంటే అది రాసుకున్న సొంత నియమాలు. చాలామందిలాగా మీదీ 11 నెలల ఒప్పందమే అయితే అందులో "ఆఫీసు నిమిత్తం" అని ఉండే అవకాశమే ఎక్కువ. "సంగీత శిక్షణ కూడా" అని ఓనరు చేత ఒక అనుబంధ పత్రం రాయించుకోండి. ఓనరు మీ పక్కన లేకపోతే మిగతా రెండు కాగితాలూ సరిగ్గా ఉన్నా మీరు ఎక్కువ రోజులు నిలబడలేరు.

ఒకవేళ మీది ఏపీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ) ఇచ్చిన పారిశ్రామిక ప్లాటులో కట్టిన బిల్డింగు అయితే ఇదంతా పక్కన పెట్టండి. అక్కడ ప్లాన్ అనుమతులు చూసేది ఐలా అనే పారిశ్రామిక వాడ స్థానిక సంస్థ, కార్పొరేషన్ కాదు. ప్లాటు ఇచ్చిందే పరిశ్రమ కోసం. ఆ షరతుతో కొట్లాడేకన్నా వేరే చోటు వెతుక్కోవడం మేలని నా అభిప్రాయం.

ఇంతా చెప్పాక ఇంకో మాట. మాస్టర్ ప్లాన్ చదివి ఫిర్యాదు చేసిన మనిషిని నేనింతవరకు చూడలేదు. మా కింద అంతస్తులో ఒక ఆడిటర్ గారి ఆఫీసు, ఎదురుగా రొయ్యల మేత డీలరు. ఆడిటర్ గారికి జీఎస్టీ రిటర్నులు 20వ తారీఖులోపు పోవాలి. సరిగ్గా ఆ వారంలో సాయంత్రాలు నెత్తిమీద మృదంగం. మేత డీలరు బాధ వేరు: అయిదున్నరకు పిల్లల్ని దింపే స్కూటర్లు గేటుకడ్డంగా ఆగుతాయి, ఆయన బండి బయటికి రాదు. నోటీసులో ఇవేవీ లేవు, "జోనింగ్ ఉల్లంఘన" అని మాత్రం ఉంది.

శబ్దం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం వాణిజ్య ప్రాంతంలో పగటి పరిమితి 65 డెసిబెల్స్, రాత్రి 55. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. పరిమితిని 10 డెసిబెల్స్, ఆపైన దాటితే ఫిర్యాదు చేయవచ్చు. మేం మీటరు పెట్టి చూస్తే కారిడార్‌లో లెక్క దాటలేదు. అయినా ఆడిటర్ గారు అబద్ధమాడలేదు. ఆ మీటర్ల కొలత మంద్ర శబ్దాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. మృదంగం ఎడమవైపు దెబ్బ గాలిలో కన్నా నేల గుండా, స్లాబు గుండా పోతుంది. పైన కూర్చున్నవాళ్లకు తాళం, కిందవాళ్లకు గుండెదడ! గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించమని ఎవరన్నా చెప్తే వినకండి. అవి శబ్దాన్ని ఆపవు, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. మందపాటి రబ్బరు మ్యాట్ల మీద చెక్క వేదిక వేయించి వాద్యాన్ని దానిమీదికి మార్చాం, తలుపు కింది సందు మూయించాం. సగం గొడవ అక్కడే తగ్గింది. మిగతా సగం నెలలో 15 నుంచి 20వ తారీఖు దాకా ఉండే మృదంగం క్లాసులు ఆదివారానికి మార్చడంతో పోయింది. బండ్లకు పక్కనున్న ఖాళీ స్థలం ఓనరుతో మాట్లాడుకున్నాం.

మీటింగులో ఒకాయన కొత్త భయం లేపాడు: బడి వచ్చిందంటే చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం అయిపోతుంది, మన జనరేటర్లు ఆపేయాల్సొస్తుంది అని. డోలు వాయించే బడి వల్ల నిశ్శబ్దం! రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తే తప్ప ఏ ప్రాంతమూ ఆ కోవలోకి రాదని 2017 సవరణలో స్పష్టంగా ఉంది. ఆ కాపీ తీసుకుపోయి చూపించండి, అక్కడే తేలిపోతుంది.

"బాలు గారి ఊళ్లో సంగీతానికి చోటు లేదా" అని మీరు రాశారు. ఆ మాట మీటింగులో అనకండి. నేను అంటే ఏం జరిగిందో చెప్తా. ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు 2020లో ఆయన పేరే పెట్టారు కదబ్బా, పిల్లల్ని అక్కడికే పంపించుకోండి అన్నాడొకాయన. నా దగ్గర జవాబు లేదు.

నోటీసుకు గడువులోపు రాతపూర్వకంగా జవాబివ్వండి. ఏ నిబంధన ప్రకారం అడుగుతున్నారో చెప్పమని, మీ దగ్గరున్న కాపీలు జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఖాళీ చేయించే అధికారం అసోసియేషన్‌కు దానంతటదే ఉండదు. అధికారులు నోటీసిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా స్థానిక లాయర్ని కలవండి. చెక్క వేదికకు, తలుపులకు డబ్బు పెట్టేది ఓనరు అనుబంధ పత్రం మీద సంతకం పెట్టాకే.