అది వద్దంటే నువ్వెందుకు చేసీసేవు?

అడిగినవారి ప్రశ్న ఇది: "మా సర్వర్ల పని ఏఐ ఏజెంట్‌కి అప్పగిస్తున్నాం. డిస్కు ఫార్మాట్ చేసే, పార్టిషన్లు మార్చే కమాండ్ల గురించి దానికి డాక్యుమెంటేషన్ ఎలా రాయాలి? ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక పెడితే చాలా?"

చాలదండీ. ఎర్ర రంగు ఏజెంట్‌కి తెలీదు, మనిషికి తెలిసినా పట్టించుకోడు. నేను పట్టించుకోలేదు, అదీ నేను రాసుకున్న డాక్యుమెంట్‌నే.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ గురించి వైజాగ్ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. సిరిపురంలో మా ఆఫీసు కిటికీ అద్దాలు పగిలి, వాన తిన్నగా సర్వర్ మీదే కొట్టింది. గాజువాకలో ఇనుము వ్యాపారం చేసే ఒకాయన నాలుగేళ్ల లెక్కలు అందులో ఉన్నాయి. మెషీన్ పోయింది. బ్యాకప్ డిస్కు మాత్రం ముందురోజే ఇంటికి తెచ్చి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచాను. ఆ వారమంతా ఆఫీసులో నేనే హీరోని.

కరెంటొచ్చాక వేరే మెషీన్ తెచ్చి ఆ డిస్కుని, ఇంకో కాపీ తీద్దామని కొన్న కొత్త డిస్కుని తగిలించాను. రెండూ ఒకే కంపెనీ, రెండూ ఒక టీబీ. నా డాక్యుమెంట్‌లో ఏముంది? "కొత్త డిస్కు ఎస్‌డీసీ, ఫార్మాట్ చేయాలి." పాత మెషీన్లో అదే నిజం. కానీ లైనక్స్‌లో ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనేవి బూట్ అయినప్పుడు ఏ డిస్కు ముందు దొరికితే దానికి తగిలించే పేర్లు. మెషీన్ మారితే మారతాయి, ఒక్కోసారి రీబూట్ చేసినా మారతాయి. ఇది నాకు తెలియదా అంటే తెలుసు.

కమాండ్ కొట్టాను. ఫార్మాట్ చేసే ఆ కమాండ్, ఎంకేఎఫ్‌ఎస్, ఒప్పుకోలేదు. ఇందులో ఇప్పటికే ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ (ఇదివరకే ఫార్మాట్ చేసి వాడిన గుర్తు) ఉన్నట్టుంది, అయినా చెరిపేయాలంటే హైఫన్ ఎఫ్ (బలవంతంగా చేసెయ్ అని) పెట్టు అంది. దుకాణం వాడు ఎవరో వాడేసిన డిస్కు అంటగట్టాడని తిట్టుకుంటూ ఎఫ్ పెట్టాను. కొన్ని సెకన్లు, అంతే. చెరిగింది బ్యాకప్ డిస్కు.

మూడో రోజు ఆ ఇనుము వ్యాపారి స్కూటర్ మీద వచ్చారు. జరిగింది దాచకుండా చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగారు: "ఏటి బాబూ, అది వద్దంటే మళ్లీ నువ్వెందుకు చేసీసేవు?" దీపావళికి బాణసంచా కాల్చాల్సిన కుర్రాళ్లు ముగ్గురు కాగితం బిల్లులు ముందేసుకుని ఎక్కించడం మొదలెట్టారు.

ఏజెంట్ చేసేది కూడా సరిగ్గా ఇదే. కొత్త డిస్కు సిద్ధం చేయమన్నాం, అడ్డం వచ్చింది, అడ్డం తీసే ఉపాయం ఎర్రర్ మెసేజ్‌లోనే ఉంది. వద్దంటూనే ఎఫ్ ఎక్కడుందో చెప్పే ఆ టూల్ రాసినవాళ్లని ఏమనాలి? తలుపుకి తాళం వేసి చెవి గుమ్మానికే వేలాడదీసినట్టుంది.

కాబట్టి కమాండ్ల గురించి కాదు, ఆ నిరాకరణల గురించి రాయండి. ఫలానా మెసేజ్ వస్తే అర్థం ఇది, ఎఫ్ పెట్టడం నీ పని కాదు, ఆగి మనిషిని పిలువు అని. డాక్యుమెంట్‌లో ఎక్కడా ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేరు రాయొద్దు. డిస్కు సీరియల్ నంబరు రాయండి, డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో అది సరిచూశాకే ముందుకెళ్లమనండి.

టూల్స్ మధ్య తేడాలూ చెప్పాలి, వీటిలోనే కొంపలు మునిగేది. పార్టిషన్లు మార్చే ఎఫ్‌డిస్క్‌లో ఎన్ని మార్పులు చేసినా డబ్ల్యూ కొట్టేదాకా డిస్కు మీదకి వెళ్లవు. క్యూ కొట్టి బయటపడొచ్చు. అదే పని చేసే పార్టెడ్ అలా కాదు, ఎంటర్ కొట్టగానే రాసేస్తుంది. ఎఫ్‌డిస్క్ అలవాటున్న చేతికి పార్టెడ్ ఇస్తే ఏమవుతుందో ఊహించుకోండి. వైప్‌ఎఫ్‌ఎస్ ఇంకో విచిత్రం. ఊరికే డిస్కు పేరిస్తే అందులో ఏ సంతకాలున్నాయో (ఏ ఫైల్‌సిస్టమ్ ఉందో చెప్పే గుర్తులు) చూపిస్తుంది, హైఫన్ ఏ చేర్చామా చెరిపేస్తుంది. చూడ్డానికీ చెరపడానికీ ఒకటే కమాండ్ పెట్టినాయనకి నా దండం.

నాది తిరిగే డిస్కు కాబట్టి రికవరీ టూల్‌తో కొన్ని స్కాన్ ఫైళ్లయినా దొరికాయి. ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ అయితే ఎంకేఎఫ్‌ఎస్ ఫార్మాట్ చేసేముందే మొత్తం ట్రిమ్ చేసేస్తుంది (పాత డేటా అక్కర్లేదని డిస్కుకే చెప్పేస్తుంది), వెతకడానికి ఏమీ మిగలదు. పార్టిషన్ టేబుల్ (డిస్కుని ఏ భాగాలుగా విడగొట్టామో రాసిన పట్టిక) మార్చేముందు ఎస్‌ఎఫ్‌డిస్క్‌తో దాని కాపీ తీసి వేరే మెషీన్లో పెట్టమని కూడా రాయండి. పార్టిషన్ల హద్దులు చెరిగితే ఆ చిన్న ఫైలు కాపాడుతుంది, ఫార్మాట్ అయితే అదీ కాపాడదు.

అసలు మాట ఒకటుంది. ఎంత బాగా రాసినా అది కాగితమే. ఏజెంట్ నడిచే యూజర్‌కి చూసే కమాండ్లు మాత్రమే ఇవ్వండి, చెరిపేవాటికి సుడో (అడ్మిన్‌గా నడిపే) అనుమతే ఉండకూడదు. మా బాసుగారేమో రూట్, అంటే సర్వాధికారాలూ, ఇచ్చేయమంటున్నారు, అర్ధరాత్రి రెండింటికి మిమ్మల్ని లేపక్కర్లేదు కదా అని.

లేపమనండి.