టీపీఎం కనబడట్లేదా? క్లియర్ కొట్టే ముందు ఇది చూడండి

బూట్ చేసిన ప్రతిసారీ బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే ఏర్పాటు) రికవరీ కీ అడుగుతోంది, డివైస్ మేనేజర్‌లో టీపీఎం (ఆ తాళం కీలు దాచే భద్రతా చిప్) ఒకసారి కనబడి ఇంకోసారి మాయమవుతోంది అని ఒకరు అడిగారండీ. చిప్ పోయిందని అప్పుడే అనుకోవద్దు.

అన్నిటికన్నా ముందు ఆ 48 అంకెల కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. అది లేకుండా బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) జోలికి వెళ్తే డేటా మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. తర్వాత బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయండి, అంటే తాత్కాలికంగా ఆపండి.

ఇప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి. మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ పూర్తిగా ఆగదు. ఛార్జర్ తీసేసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి ఉంచండి. ఇరుక్కుపోయిన చిప్ చాలాసార్లు దీంతోనే దారికొస్తుంది.

రాకపోతే బయోస్‌లో సెక్యూరిటీ లేదా అడ్వాన్స్‌డ్ కింద చూడండి: ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. ఆన్‌లోనే ఉంటే తయారీదారు సైట్ నుంచి మీ మోడల్ బయోస్ అప్‌డేట్ వేయండి.

చిప్‌లోని కీలు చెరిపేసే క్లియర్ టీపీఎం ఆఖర్న మాత్రమే. దాంతో విండోస్ హలో పిన్, వేలిముద్ర లాగిన్ పోతాయి, అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుండాలి.

విండోస్ కీ, R కలిపి నొక్కితే వచ్చే రన్‌లో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ (tpm.msc) తెరిచి తయారీదారు పేరు చూడండి. ఐఎఫ్ఎక్స్ (ఇన్ఫినియన్), ఎన్‌టీసీ (న్యూవోటన్) లాంటివైతే అది బోర్డు మీద అతికిన విడి చిప్. ఇవన్నీ చేశాక కూడా మాయమవుతుంటే మదర్‌బోర్డు మార్చాల్సి రావచ్చు.