చదివేటప్పుడు చెయ్యి ఒళ్ళో ఉండాలి

చెల్లెమ్మకు ఆశీస్సులు.

నవల మొదటి రెండు అధ్యాయాలు అందాయి. వాటి గురించి తీరిగ్గా మాట్లాడుకుందాం. మెయిల్ చివర్లో మాటవరసకన్నట్టు "వారం నుంచీ కుడి మోచెయ్యి లాగుతోంది అక్కా, బామ్ రాసుకుని దిద్దుతున్నా" అని రాశావు చూడు, నాకు ఆ మాట దగ్గరే మనసు ఆగిపోయింది. బామ్ రాసుకుంటూ దిద్దుకున్న పాపానికి నేను ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను.

నాలుగొందల పేజీల నవల అది, మూడోసారి దిద్దుతున్నాను. ఒకరోజు పొద్దున్నే పొయ్యి మీంచి చారుగిన్నెను పట్టకారుతో ఎత్తబోతే మోచేతి బయటివైపు, ఎముక దగ్గర, కలుక్కుమంది. గిన్నె చేజారింది. ఆ తర్వాత తడిబట్ట పిండటానికీ, సీసా మూత తిప్పటానికీ కూడా ఇంకొకరిని పిలవాల్సి వచ్చింది. డాక్టర్ గారు చూసి టెన్నిస్ ఎల్బో అన్నారు. "రోజుకు ఎన్ని గంటలు మౌస్ పట్టుకుంటారు?" అని అడిగారు. అప్పటిదాకా ఆ లెక్క నేనెప్పుడూ వేసుకోలేదు.

టైపింగ్ వల్ల చేతులు పాడవుతాయని మనవాళ్ళు అంటుంటారు. కావచ్చు. కానీ టైప్ చేసేటప్పుడు రెండు చేతులూ పని పంచుకుంటాయి, వేళ్ళు కదులుతూ ఉంటాయి. దిద్దేటప్పుడు అలా కాదు. కళ్ళు పేరా చదువుతుంటాయి, కుడిచెయ్యి మాత్రం మౌస్ మీద కాపలా కాస్తుంటుంది. చూపుడువేలు ఎప్పుడు నొక్కాల్సి వస్తుందో అని గాల్లో లేచి ఉంటుంది. నొక్కేది గంటకు కొన్నిసార్లే, లేచి ఉండేది గంటంతా.

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చూడు. కుడి ముంజేతిని అరచెయ్యి కిందికి ఉండేలా బల్ల మీద పెట్టు. మోచేతికి నాలుగు వేళ్ళ కింద, ముంజేతి పైభాగాన, ఎడమచేతి వేళ్ళు ఆనించు. ఇప్పుడు కుడి చూపుడువేలు ఒక్కటే కాస్త పైకెత్తు. ఎడమచేతి వేళ్ళ కింద కండ బిగుసుకోవడం తెలుస్తోందా? దించు, వదులవుతుంది. వేలిని ఎత్తే కండ వేలిలో లేదమ్మా, అక్కడ ఉంది. అలాంటి కండలు మోచేతి బయటి ఎముకను పట్టుకుని ఉంటాయి. నీకు లాగుతున్నది అక్కడే అనుకుంటాను.

ఇంత చిన్న బరువుకే నొప్పి ఎందుకొస్తుందంటే, బరువు చిన్నదే గానీ విరామం లేదు. దీనికి పరిశోధకులు ఒక వివరణ చెబుతారు. తక్కువ బలంతో అయిపోయే పనికి ఒళ్ళు ఎప్పుడూ అవే కొన్ని సన్నటి కండరపోగుల్ని ముందు పిలుస్తుందట. కండ పూర్తిగా వదులయ్యేదాకా వాటికి విడుదల లేదు. వాటిని సిండ్రెల్లా పోగులు అంటారు, కథలో ఇంటెడు చాకిరీ చేసే పిల్ల పేరు మీద. మన ఇళ్ళల్లో అందరికంటే ముందు లేచి, అందరికంటే ఆలస్యంగా నడుం వాల్చే పెద్దకోడలు గుర్తొస్తుంది నాకు.

రాసేవాళ్ళకి ఈ బాధ కొత్తది కాదు. తాళపత్రాల చివర లేఖకులు రాసుకునే శ్లోకంలో "భగ్నపృష్ఠకటిగ్రీవ" అని ఉంటుంది. వీపు, నడుము, మెడ విరిగేలా వంగి కష్టపడి రాశాను, జాగ్రత్తగా కాపాడండి అని వేడుకోలు. ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు 1713లో లేఖకుల జబ్బులకు మూడు కారణాలు చెప్పాడు: కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకేలా కదలడం, తప్పు పోకూడదన్న టెన్షన్. ఆయన ఎరిగిన ఒక నోటరీకి కుడిచెయ్యి పడిపోతే ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడట. కొన్నాళ్ళకు ఎడమచేతికీ అదే జబ్బు వచ్చింది. మౌస్ ఎడమచేతికి మార్చుకోమని నీకెవరైనా చెబితే ఈ నోటరీని గుర్తుపెట్టుకో. మార్చుకో, తప్పులేదు, నేనూ మార్చుకున్నాను. కానీ పద్ధతి మారకుండా చెయ్యి ఒక్కటీ మారితే లాభం లేదు.

నేను మార్చుకున్న పద్ధతి ఇది. చదివేటప్పుడు చెయ్యి మౌస్ మీద ఉండదు, ఒళ్ళో ఉంటుంది. మొదటి వారం చిరాకు పుడుతుంది, మర్చిపోతావు. మానిటర్ అంచున చీటీ అంటించుకో. మాట నుంచి మాటకు వెళ్ళటానికి కంట్రోల్ నొక్కి బాణం మీట వాడు. దానికి షిఫ్ట్ కలిపితే మాట సెలెక్ట్ అవుతుంది. సగం క్లిక్కులు అక్కడే తగ్గుతాయి. నువ్వు ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో కొడతావు కాబట్టి ఖ, ఘ లాంటి వాటికి షిఫ్టంతా చిటికెన వేలి మీద పడుతుంది. రెండు వైపుల షిఫ్టూ వాడటం అలవాటు చేసుకో.

ఇంకోటి, కీబోర్డుకు కుడివైపున్న నంబర్ ప్యాడ్. తెలుగు నవల రాసేదానికి నీకు దాంతో ఏం పని? అది మౌస్‌ను జానెడు దూరం నెట్టేస్తుంది, చెయ్యి పక్కకు చాచాల్సి వస్తుంది, భుజం పట్టేస్తుంది. నంబర్ ప్యాడ్ లేని కీబోర్డు కొనుక్కో. అప్పటిదాకా కీబోర్డును ఎడమకు జరిపి, మోచెయ్యి డొక్కకు దగ్గరగా ఉండేలా మౌస్ పెట్టుకో. బల్ల అంచు మణికట్టు కింద గుచ్చుకోకూడదు.

నిలువు మౌస్ కొననా అని అడుగుతావు. కరచాలనం చేస్తున్నట్టు పట్టుకోవచ్చు, ముంజెయ్యి మెలిపడదు, మంచిదే. మౌస్‌కు బదులు బొటనవేలితో బంతి తిప్పే ట్రాక్‌బాల్ నాకు పడలేదు, నొప్పి బొటనవేలికి మారింది. ఏది కొన్నా రెండు రోజులు ఎవరిదైనా వాడి చూసి కొను. అన్నిటికంటే నాకు పనికొచ్చింది మూడో ప్రతిని ప్రింటు తీసి పెన్నుతో దిద్దడం. వాక్యం కూడా కాగితం మీద వేరేగా వినిపిస్తుంది.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రి మెలకువ వస్తోందా? అయితే అది మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం కావచ్చు. చిటికెన వేలు తిమ్మిరెక్కితే నరం వేరు. ఏదైనా సరే డాక్టర్‌కి చూపించు, బామ్‌తో వారాలు గడపకు.

ఈ ఉత్తరానికి జవాబు టైప్ చెయ్యొద్దు. ఆదివారం ఫోన్ చెయ్యి, రెండో అధ్యాయంలో ఆ రేవు సన్నివేశం గురించి కూడా అప్పుడే చెబుతాను.

మీ అక్క