మా ఆవిడకి తుపాకీ నేను ఎంచితే ఏమైందంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: వారంలో నాలుగు రోజులు మీరు క్లయింటు ఊళ్లో ఉంటారు. మీ ఆవిడ పిల్లలతో ఇంట్లో ఒక్కరే ఉంటారు. ఆమెకి మణికట్టులో బలం తక్కువ. అందుకని చిన్నగా, తేలిగ్గా ఉండే .38 (ఈ అంకె తూటా సైజు) రివాల్వర్ ఒకటి కొని పుట్టినరోజుకి ఇద్దామనుకుంటున్నారు, అందులోకి ఏ తూటాలు మంచివని అడిగారు. తూటాల సంగతి తర్వాత. ముందు ఆ రివాల్వర్ కొనకండి. సరిగ్గా అదే పని నేను చేసి ఉన్నాను.

మేముండేది డాలస్ పక్కన. 2019లో నేను షికాగో ప్రాజెక్టులో ఉండగా ఒక రాత్రి రెండింటికి ఎవరో మా పెరటి తలుపు గట్టిగా ఊపారు. ఆవిడ పిల్లలిద్దర్నీ బెడ్‌రూంలోకి లాక్కుని, తలుపేసుకుని 911కి ఫోన్ చేసింది. పోలీసులు వచ్చేసరికి 11 నిమిషాలైంది. వాడు అప్పటికే పోయాడు. ఆ 11 నిమిషాల గురించి ఆవిడ ఇప్పటికీ ఎక్కువగా మాట్లాడదు. నేను మాత్రం ఆ శనివారమే షాపుకి పరిగెత్తాను. కౌంటర్ వెనకున్నాయన "లేడీస్‌కైతే ఇదే" అంటూ ఒక బుజ్జి రివాల్వర్ తీశాడు. ఐదు తూటాలు పడతాయి, అల్యూమినియం ఫ్రేమ్, బరువు 15 ఔన్సులు. స్లైడ్ (పిస్టల్‌లో తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పై భాగం) లాగే పనిలేదు, సేఫ్టీ (అనుకోకుండా పేలకుండా ఆపే మీట) నొక్కే పనిలేదు, ట్రిగ్గర్ నొక్కితే చాలన్నాడు. చేతిలో బొమ్మలా ఉంది. కొనేశాను.

షూటింగ్ రేంజ్‌లో ఆవిడ మూడుసార్లు కాల్చింది. నాలుగోది కాల్చకుండా దాన్ని బల్ల మీద పెట్టి అరచెయ్యి చూసుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కందిపోయింది. మూడింటిలో కాగితానికి తగిలింది ఒక్కటి, అదీ ఒక మూలన. "దొంగొస్తే దీన్ని వాడి మీదికి విసురుతాలే" అనేసి వెళ్లి కారులో కూర్చుంది.

అప్పుడు గానీ నాకు తలకెక్కలేదు. తూటా ముందుకెళ్లే ఊపంతా తుపాకీని వెనక్కి నెడుతుంది. తుపాకీ బరువుగా ఉంటే అందులో చాలాభాగం అదే మింగుతుంది, తేలిగ్గా ఉంటే మన చెయ్యి మింగాలి. పైగా ఇలాంటి రివాల్వర్ ట్రిగ్గర్ నొక్కాలంటే 12 పౌన్ల దాకా బలం కావాలి. తుపాకీ బరువేమో ఒక్క పౌను లేదు. ఒక పౌను వస్తువుని కదలకుండా పట్టుకుని, దాని మీద 12 పౌన్ల బలం పెట్టాలంటే గురి ఎక్కడ నిలుస్తుంది? పది ఔన్సులుండే పాకెట్ పిస్టళ్లదీ ఇదే కథ. అవి జేబులో దాచుకోడానికి చేసినవి. చిన్న తుపాకీ కొత్తవాళ్లకి సులువు అనుకోవడం దగ్గరే మనమంతా బోల్తా పడతాం. అది బాగా అలవాటైనవాళ్ల తుపాకీ.

తుపాకీ పేర్లలోకి వెళ్లేముందు ఒక్కమాట, మన వాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చినా అదే లెక్క. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి గానీ, వాటి మీద ఆధారపడేముందు లాయర్‌ని అడగండి. ఇమిగ్రేషన్ కేసు ఒకటి తగిలించుకోవడం కన్నా మంచి తాళం కొనుక్కోవడం నయం. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు. రాష్ట్రాన్ని బట్టి కూడా మారుతుంది: న్యూజెర్సీలో హ్యాండ్‌గన్ కొనాలంటే ముందు పర్మిట్ కావాలి, ఇల్లినాయిలో ఫాయిడ్ కార్డు (తుపాకీ యజమాని గుర్తింపు కార్డు) కావాలి. టెక్సాస్‌లో ఆ గొడవ లేదు, షాపులో 4473 అనే ఫెడరల్ ఫారం నింపి బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయితే సరిపోతుంది. భార్యకి గిఫ్టుగా కొనడం తప్పు కాదు. అయినా ఆమెనే వెళ్లి, ఆమెకి నచ్చింది, ఆమె పేరు మీద కొనుక్కోనివ్వండి. ఇది చట్టం కోసం చెప్పడం లేదు.

రెండోసారి నేను ఏమీ ఎంచలేదు. అద్దెకు తుపాకులిచ్చే రేంజ్‌లో ఆడ ఇన్‌స్ట్రక్టర్ ఉన్న క్లాసు చూసి ఆవిడ పేరు రాయించి, నేను అద్దం వెనక కూర్చున్నాను. మీరూ అలాగే కూర్చోండి. భర్త పక్కన నిలబడి "అలా కాదు, ఇలా" అంటుంటే కారు డ్రైవింగే రాదు, ఇదేం వస్తుంది.

ఆవిడ మొదట .22తో, అంటే బాగా చిన్న తూటాల తుపాకీతో మొదలుపెట్టింది. చేతికి తెలియనే తెలియదు, అందుకే మొహంలో భయం పోయింది. నేర్చుకోడానికి .22కి మించింది లేదు. ఆత్మరక్షణకి మాత్రం చివరి ఛాయిస్ అంటాను. ఆ తూటాలు పేలకుండా మొరాయించడం మిగతావాటి కన్నా ఎక్కువ. చేతుల్లో మరీ శక్తి లేనివాళ్లకైతే ఏమీ లేకపోవడం కన్నా నయమే.

తర్వాత గ్లాక్ 19 పిస్టల్ ఇచ్చారు, 9 ఎంఎం తూటాలది. స్లైడ్ లాగలేకపోయింది. ఆ ఇన్‌స్ట్రక్టర్ చూపించిన చిట్కా చెబుతాను, మీ ఆవిడకి పనికొస్తుంది. చాలామంది బొటనవేలూ చూపుడువేలితో స్లైడ్ వెనక కొసని గిల్లినట్టు పట్టుకుని లాగుతారు. అలా కాకుండా తుపాకీని ఒంటి దగ్గరికి తెచ్చుకుని, ఎడమ చేతి నాలుగు వేళ్లతో స్లైడ్‌ని పైనుంచి కప్పి గట్టిగా పట్టుకోవాలి. ఆ చెయ్యి కదలకూడదు. కుడి చేత్తో పిడిని ముందుకి ఒక్క తోపు తొయ్యాలి. లాగడం కాదు, తొయ్యడం. భుజం బలం కూడా కలుస్తుంది. గొట్టం మాత్రం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, ఒంటి దగ్గరికి తెచ్చుకున్నప్పుడు అది తెలియకుండా పక్కకి తిరుగుతుంది. పది నిమిషాల్లో మా ఆవిడ గ్లాక్ స్లైడ్ లాగేసింది. 24 ఔన్సుల ఆ తుపాకీ, నేను కొన్న బొమ్మ కన్నా ఎంతో మెత్తగా ఉందంది. నాకు సిగ్గేసింది.

కానీ 40 తూటాలయ్యేసరికి మణికట్టు నొప్పి మొదలైంది. ఇరవై ఏళ్లు కీబోర్డు కొట్టిన చేతులు, కార్పల్ టనెల్ (మణికట్టులో నరం నొక్కుకుపోయే బాధ) ఉంది. అప్పుడు స్మిత్ అండ్ వెసన్ వాళ్ల షీల్డ్ ఈజీ పిస్టల్, .380 తూటాలది (9 ఎంఎం కన్నా కాస్త బలం తక్కువ) తెచ్చారు. పేరుకి తగ్గట్టే స్లైడ్ రెండు వేళ్లతో కూడా వస్తుంది. మ్యాగజైన్‌కి, అంటే పిడిలోకి దూర్చే తూటాల పెట్టెకి, పక్కన చిన్న బొడిపెలున్నాయి, వాటిని కిందికి నొక్కి పట్టుకుంటే తూటాలు నింపుతుంటే గోళ్లు విరగవు. ఎనిమిది పడతాయి, ఛాంబర్‌లో (గొట్టం మొదట్లో తూటా పేలే చోట) ఇంకొకటి. పిడి వెనక గ్రిప్ సేఫ్టీ ఉంది, చెయ్యి సరిగ్గా పైకి పెట్టి పట్టుకోకపోతే అది నొక్కుకోదు, తుపాకీ పేలదు. మొదట్లో రెండుమూడుసార్లు అలా జరిగింది. ఇదొక్కటీ చేతికి అలవాటు కావాలి.

.380 అని రాసినవన్నీ మెత్తగా ఉంటాయనుకోకండి. వాల్థర్ పీపీకే లాంటి పాత తరహావాటిలో స్లైడ్‌ని నిలిపేది స్ప్రింగు బిగువూ స్లైడ్ బరువూ మాత్రమే, అందుకని స్ప్రింగు గట్టిగా ఉంటుంది, చేతికి దెబ్బా గట్టిగానే తగులుతుంది. షీల్డ్ ఈజీ, రూగర్ సెక్యూరిటీ-380 లాంటివాటిలో బ్యారెల్, స్లైడ్ కాసేపు కలిసే వెనక్కి కదిలి తర్వాత విడిపోతాయి, చేతికి ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. 9 ఎంఎంలోనే కావాలంటే షీల్డ్ ఈజీలో ఆ రకమూ ఉంది. ఆడవాళ్ల చేతి కొలతలు చూసి చేసిన వాల్థర్ పీడీపీ-ఎఫ్ కూడా ఒకసారి పట్టుకోమనండి. ధర కాస్త ఎక్కువ.

నేను మాత్రం ఊరుకోలేదు. కాగితం మీద చూస్తే 9 ఎంఎం బలమైనది, తూటాలు కూడా చవక అని వాదించాను. ఆవిడ తన టార్గెట్ తీసి నా ముందు పెట్టింది. "నేను కాల్చిందీ కాగితం మీదేగా. ఏది మధ్యలో పడిందో చూడండి." .380వి అరచెయ్యంత జాగాలో ఉన్నాయి. అంతే, అదే కొంది.

ఇప్పుడు తూటాలు. ప్రాక్టీసుకి రాగి తొడుగున్న మామూలు ఎఫ్ఎంజే చాలు. ఇంట్లో ఉంచేది హాలో పాయింట్ (మొనలో గుంట ఉన్నది) అయి ఉండాలి, అది తగిలిన చోట విచ్చుకుని వేగం తగ్గుతుంది, అవతలికి దూసుకుపోయే అవకాశం తక్కువ. ఎఫ్‌బీఐ వాళ్ల కొలత, ఒంటి కండకి బదులు పరీక్షకి వాడే జెల్‌లో 12 నుంచి 18 అంగుళాలు దిగాలని. .380లో ఇక్కడే చిక్కు: కొన్ని విచ్చుకుని లోతుకి దిగవు, కొన్ని అసలు విచ్చుకోవు. మా ఆవిడ వాడేది హార్నడీ క్రిటికల్ డిఫెన్స్, 90 గ్రెయిన్లు. గ్రెయిన్లు బుల్లెట్ బరువు: 9 ఎంఎంలో 115 అంటే ఏడున్నర గ్రాములు, ముప్పావు తులం అనుకోండి. 147 అంటే తొమ్మిదిన్నర. బరువైన బుల్లెట్ తన్నుడు తగ్గించదు గానీ, నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి చాలామందికి చెంపదెబ్బలా కాక తోసినట్టు ఉంటుంది. నిజంగా తక్కువ తన్నేవి కావాలంటే 9 ఎంఎంలో ఫెడరల్ హైడ్రా-షాక్ లో రీకాయిల్ 135 గ్రెయిన్లది, హార్నడీ క్రిటికల్ డిఫెన్స్ లైట్ 100 గ్రెయిన్లది ఉన్నాయి. పెట్టె మీద +పీ అని ఉంటే పక్కన పెట్టెయ్యండి, అది ఎక్కువ ఒత్తిడిది.

ఏది కొన్నా ఆ తూటాలే కనీసం రెండు పెట్టెలు ఆమె చేత్తో కాల్పించాలి. మీ చేతిలో ఆగకుండా పనిచేసిన తుపాకీ, మణికట్టు వదులుగా ఉంటే ఆమె చేతిలో ఇరుక్కోవచ్చు. మెత్తటి తూటాలతో ఈ భయం ఇంకాస్త ఎక్కువ. పెట్టెకి 20, 25 తూటాలే, రేటు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, అయినా తప్పదు.

ఇంకోటి. ఇక్కడి ఇళ్ల లోపలి గోడలు మన ఇటుక గోడలు కావు, జిప్సం పలకలు. గురి తప్పితే హాలో పాయింట్ అయినా రెండు గదులు దాటుతుంది. అందుకే మేం ముందే నిర్ణయించుకున్నాం: చప్పుడైతే పిల్లలు మా గదిలోకి రావాలి, తలుపు గడియ, 911, ఆవిడ మంచం అవతల కూర్చుంటుంది, ఇల్లంతా వెతకడానికి వెళ్లదు. తలుపు ఫ్రేములకి పాత స్క్రూలు తీసేసి మూడంగుళాలవి వేయించాను. ఖర్చు పది డాలర్లు కూడా కాలేదు. ఇది తుపాకీ కన్నా ముందు చెయ్యాల్సిన పని, నేను తర్వాత చేశాను.

మీకు పిల్లలున్నారు కాబట్టి మంచం పక్కన బటన్లు నొక్కితే తెరుచుకునే చిన్న సేఫ్ తప్పనిసరి, అది కూడా బోల్టులతో బిగించాలి. అల్మరాలో చీరల కింద దాచడం దాచడం కాదు. టెక్సాస్‌లో తూటాలున్న తుపాకీని అజాగ్రత్తగా వదిలేసి, అది 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి చిక్కితే నేరం.

ఆవిడ నెలకోసారి రేంజ్‌కెళ్లి 50 కాల్చి వస్తుంది. ఇంట్లోనైతే తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, మ్యాగజైన్ తీసి, ఛాంబర్ రెండుసార్లు చూసుకుని, డమ్మీ తూటాలతో ట్రిగ్గర్ నొక్కడం సాధన చేస్తుంది. కుక్కర్ మూడు కూతలు వచ్చేలోపు అయిపోతుంది. ఆ రివాల్వర్‌ని నేను నష్టానికి అమ్మేశాను.

మొదటి క్లాసుకి వెళ్లేటప్పుడు లోపల ఇయర్‌ప్లగ్గులు, పైన మఫ్స్, రెండూ పెట్టుకోమనండి. సగం భయం ఆ శబ్దానిదే. మెడ దాకా మూసుకునే టీషర్ట్ వేసుకోమనండి. మా ఆవిడ మొదటిరోజు కుర్తీలో వెళ్లింది, కాలుతున్న ఇత్తడి తొడుగు ఒకటి ఎగిరి మెడలోంచి పడి మంగళసూత్రం గొలుసు దగ్గర ఇరుక్కుంది. అయినా తుపాకీని టార్గెట్ వైపే పట్టుకుని, వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, దాన్ని బల్ల మీద పెట్టాకే గంతులేసింది. ఆ రోజు ఇన్‌స్ట్రక్టర్ మెచ్చుకున్నది ఆ ఒక్క విషయానికే.