రెండున్నరేళ్ల పాపను అంగన్‌వాడీలో ఉంచుకోవట్లేదు: ప్లే స్కూలా, డే కేరా?

మీ రెండున్నరేళ్ల పాపను అంగన్‌వాడీ టీచర్ ఉంచుకోవట్లేదని, ప్లే స్కూల్లో వేయాలా, డే కేర్‌లోనా అని అడిగారు. అది టీచర్ మొండితనం కాదండీ, పాప వయసే కారణం. అంగన్‌వాడీలో కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పేది 3 నుంచి 6 ఏళ్ల వాళ్లకే. అంతకంటే చిన్నవాళ్లకు బాలామృతం అనే పోషకాహార పిండి ఇంటికిస్తారు.

1. మీ భార్యాభర్తలిద్దరికీ సాయంత్రం దాకా డ్యూటీ అన్నారు. ప్లే స్కూళ్లు చాలావరకు మధ్యాహ్నానికే వదిలేస్తాయి. మీరుండే నల్లగొండలో పాపను చూసుకోవడానికి అమ్మమ్మో నానమ్మో ఉంటే ప్లే స్కూలు సరే, లేదంటే డే కేరే.

2. చేర్చే ముందు మధ్యాహ్నం వెళ్లి ఆ చోటు చూడాలి, అందరూ వదిలేసేది ఇదే. పొద్దున వెళ్లి గోడల మీది బొమ్మలు చూసి ఫీజు కట్టేస్తారు. మీరు చెప్పకుండా పన్నెండున్నరకు వెళ్లండి. అన్నం ఎవరు తినిపిస్తున్నారు, తడిసిన బట్టలు మారుస్తున్నారా, ఒక్క ఆయాకు ఎంతమంది పిల్లలు, గేటుకు గొళ్లెం ఉందా అన్నీ అప్పుడే తెలుస్తాయి. గుమ్మం దాటనివ్వకపోతే ఆ చోటు వద్దు.

3. మూడేళ్లు నిండగానే అంగన్‌వాడీలో పేరు రాయించండి.